ఎస్తేరు ఒప్పుకోని తప్పు

“అమ్మమ్మా, చర్చిల అందరి ముంగట నిలబడి తప్పొప్పుకునుడు అంటవ్ గదా, అదేంది? జెర చెప్పు, ఫోన్ల రికార్డ్ చేస్తున్న.”

చెప్త, చెప్త. ఆ ఫోను నా ముక్కుల పెట్టకు బిడ్డా, జెర దూరం పట్టు. ఆఁ, గట్ల.

ఇప్పుడు మీకు లేదు గని మా చిన్నప్పుడు ఉండె. ఎవలన్న తాగిన్రు, పెండ్లాన్ని కొట్టిన్రు అనుకో, వాళ్లకు ప్రభువు బల్ల ఇయ్యకపోదురు. బల్లంటె గదే, రొట్టె, ద్రాక్షరసం. ఆదివారం నాడు సంఘం ముంగట నిలబడి, పాస్టరు దిక్కు చూసి, “అయ్యగారూ, నాది తప్పయింది” అని నోటితోని అంటెనే మళ్ల ఇచ్చేది. మా చిన్న మామ తాగుడు గురించి ఏటేట నిలబడుతుండె. క్రిస్మస్ ముందట నిలబడి ఏడ్సేది, కొత్త సంవత్సరం రాంగనే మళ్ల షురూ. “మా తమ్ముడు ఒప్పుకునుట్ల ఫస్ట్ క్లాస్” అని మా అమ్మ నవ్వేది.

గని ఒక్క పిల్లను మాత్రం... ఆమె సంగతే చెప్త ఆగు. ఎస్తేరు.

యూనియన్ మిలిట్రీ నైజాం మీదికి వచ్చిన ఏడు అది. పోలీస్ యాక్షన్ అంటరు సూడు, గదే. నాకు తొమ్మిదేండ్లో, పదేండ్లో. సికింద్రాబాద్ల మాకు పెద్ద తక్లీఫేం కాలె. బేగంపేట దిక్కు విమానాలు మోగుతుంటె పిల్లలమంత మిద్దెక్కి చూస్తుంటిమి. ఇప్పుడు తలుచుకుంటె ఆ రోజులన్ని పొద్దుటి మంచుల కెళ్లి చూసినట్టున్నయి. ఎండ సుత మెత్తగుండె అనిపిస్తది. నిజంగ ఉండెనా, లేకపోతె నా ముసలి మనసే అట్ల జేసుకున్నదా, నాకెర్క లేదు. సీతాఫలాలు గంపలకు గంపలొచ్చె ఆ ఏడు. అణా ఇస్తె ఒడి నిండ పోసేది. మా నాయనకు పడకపోయేది గని మా అమ్మ... అయ్యో, ఎటో పోతున్న.

ఆఁ, ఎస్తేరు. మా పక్కింటి కరుణమ్మత్తకు మేనకోడలు. మాకు శాంతమే గని ఊర్లల్ల మస్తు గడ్‌బడ్ ఉండె. తుపాకులు పట్టుకొని తిరిగేటోళ్లు ఎవలు ఎటుదిక్కో తెల్వని కాలం. ఆ పిల్ల పొద్దుగూకంగ ఊరవతల బాయికి నీళ్లకు పోయిందట. తెల్లారినంక దొరికింది. ఎట్ల దొరికిందో నేను చెప్ప బిడ్డా, నీకు సమజైతది. ఊర్ల మాటలు పడలేమని వాళ్ల నాయన తెచ్చి చెల్లె ఇంట్ల విడిచిపోయిండు. పట్నంల మాటలు ఉండవనుకున్నడు, పిచ్చోడు.

పదహారో పదిహేడో ఉంటయి ఆమెకు. అరుగు మీద కూసొని నన్ను పిలిచి జడలేసేది. ఒక్క మాట మాట్లాడకపోయేది. ఆ వేళ్లు నెత్తిల కదులుతుంటె నాకు నిద్రొచ్చేది. ఇప్పటికి ఒక్కొక్కపారి ఆ నిద్ర వచ్చినట్టయితది.

చర్చి అయినంక ఆడోళ్లు మాట్లాడుతుండె. అంత పొద్దుపోయినంక ఎందుకు పోవాలె? ఒక్కతే ఎందుకు పోయింది? ఒర్లితె ఎవలన్న రాకపోదురా? జడల పూలు పెట్టుకున్నదట సుత! గిన్ని అడిగిన్రు గని, వాడెవడు అని ఒక్కలన్న అడిగిన్రా? అడగలె. నాకు ఇప్పటికి మండుతది. చెడ్డోళ్లు గాదు వాళ్లు. ఎవలకన్న జరమొస్తె జావ కాసి తెచ్చేటోళ్లే. అదే నాకు అర్థం కాదు.

ఆ మాటలకే ఆమెకు బల్ల ఆపిన్రు. ఇగ వాళ్లే సలహా జెప్పిన్రు. ఆదివారం నిలబడి ఒక్క మాట అంటె అయిపాయె, బల్ల ఇస్తరు, మళ్ల ఎవలు నోరెత్తరు అని. మేలు చేస్తున్నమనే అనుకున్నరు. తప్పు జేసినోళ్లను నిలబెట్టే చోట ఈ పిల్లను నిలబెడుతున్నమని ఎవలకు తట్టలె. ఎస్తేరుకేమో మా చర్చి బడిల చిన్నపిల్లలకు చదువు చెప్పాలని ఆశ. ఒప్పుకోకపోతె బల్ల లేదు, బల్ల లేకుంటె ఆ పని లేదు. కరుణమ్మత్త ఆమె కాళ్లు పట్టుకున్నది. “అను తల్లీ, ఒక్క మాటే గదా” అని. నేను చూసిన, మా గోడ మీదికెళ్లి.

ఆ ఆదివారం... రంగుటద్దాల కెళ్లి ఎండ వచ్చి బెంచీల మీద పడ్డది. ఎర్రగ, నీలంగ. అయ్యగారు పిలిస్తె ఎస్తేరు లేచింది. తెల్ల చీర, నెత్తి మీద కొంగు. కొంగు మీద సుత ఆ రంగులు పడ్డయి. పైన పావురాలు కువకువమంటున్నయి. “చెప్పమ్మా” అన్నడు అయ్యగారు. ఆమె చెప్పలె. మళ్ల అన్నడు. చెప్పలె.

గప్పుడు నా పక్కల కెళ్లి మా అమ్మ లేచింది. నాకు భయమైంది, ఆమె కొంగు పట్టుకున్న.

“అయ్యగారూ, నేను సుత రోజు పొద్దుగూకంగనే నీళ్లకు పోతా. గల్లీ నల్లకు నీళ్లు అప్పుడే వస్తయి మాకు. ఈడ కూసున్న ఆడోళ్లందరం పోతం. నీళ్లకు పోవుడు తప్పయితె నన్ను సుత నిలబెట్టున్రి. వాడెవడో చేసినదాన్ని ఈ పిల్లతోని ఒప్పించకున్రి.”

మొగోళ్ల దిక్కు కూసున్న మా నాయన తలకాయ ఎత్తలె. ఇంకెవలు లేవలె బిడ్డా, ఒక్కలు సుత. నేను అబద్ధం ఎందుకు చెప్పాలె?

గని ఎస్తేరు నోరు తెరిచింది. ఆమె గొంతు గట్టిగ వినుడు నాకు అదే మొదలు.

“నేను ఒప్పుకోను అయ్యగారూ. ఇంట్ల నీళ్లు లేకుండె, పోయిన. నాది తప్పు లేదు.”

అయ్యగారు పుస్తకం మూసి, “మోకాళ్లూనున్రి” అన్నడు. బల్ల ఆమెకు సుత ఇచ్చిండు. గప్పుడు అందరికి ఒక్కటే గిన్నె, ఒకల తర్వాత ఒకలు అదే గిన్నెల తాగాలె. ఎస్తేరు తాగినంక పక్కన ఉండాల్సినామె లేచి అటు చివరికి పోయింది. మా అమ్మ జరిగి ఆ జాగల మోకాళ్లూని, ఎస్తేరు పెదవులు తాకిన కాడనే తాగింది. తర్వాత కరుణమ్మత్త, ఏడ్సుకుంట. ఇంకొందరు తాగిన్రు, కొందరు తాగలె.

ఆ తర్వాత మమ్ముల చానమంది పెండ్లిళ్లకు పిలుసుడు బంద్ చేసిన్రు. మా నాయన మా అమ్మతోని మాట్లాడలె కొన్ని రోజులు. ఒక పొద్దుగూకంగ మాత్రం ఏమనకుంట బిందె తీస్కొని తనే నల్ల కాడికి పోయిండు. ఆడోళ్ల లైన్ల నిలబడ్డడు! మా అమ్మ వాకిట్ల నిలబడి నవ్వుడే నవ్వుడు.

ఎస్తేరుకు పని ఎంటనే దొరకలె. పోంగ పోంగ దొరికింది. పెండ్లి వద్దనుకున్నది, చేసుకోలె. పిల్లలకు చదువు చెప్పుకుంటనే ముసల్దయింది. ఎవలన్న ఆ పాత సంగతి ఎత్తితె తల దించకపోయేది, వాళ్ల మొకమే చూసేది. వాళ్లే దించేది.

నువ్వు సల్లగుండాలె బిడ్డా. తప్పు చేస్తె ఒప్పుకో, నేను వద్దన. చెయ్యని తప్పు మాత్రం ఎవలు బతిలాడినా ఒప్పుకోకు. నీ మీద పాణమున్నోళ్లే వచ్చి కాళ్లు పట్టుకుంటరు... పట్టుకోనీ. నేను పట్టుకున్నా సరే.