కాంపౌండరు బావ, మందునీళ్ళ తొట్టి

అయ్యయ్యో, కుక్కపిల్లని అట్లా ఈడవకు అమ్మలూ! ముందు ఆ పైపు కట్టెయ్. చూడు, ఎట్లా వణికిపోతోందో. పొగరేంటే, అది భయం. ఆ రెంటికీ తేడా తెలియకే నేనొకసారి చెయ్యకూడని పని చేశాను. మా అక్క మొగుడు, కాంపౌండరు బావ సంగతి చెప్పలేదూ నీకు? ఆయన పోయి నలభై ఏళ్ళు దాటిందిలే, నువ్వెట్లా ఎరుగుదువు. కూర్చో. దాన్నట్లా వదిలెయ్.

మా బావ పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. నన్నూ అక్కడే అటెండరుగా పెట్టించాడు. ఉండడం, తినడం అంతా వాళ్ళింట్లోనే. బావ ఎట్లాంటివాడంటే, నోట్లో నాలుక లేని మనిషి. గేదెకి సూది వెయ్యాలన్నా "ఒక్క క్షణం తల్లీ" అని చెప్పి మరీ వేసేవాడు. మేం నవ్వుకునేవాళ్ళం. ఆసుపత్రి వెనక గదిలో సిమెంటు తొట్టి ఉండేది, నడుం లోతు, దిగడానికి రెండు మెట్లు. గజ్జి పట్టిన కుక్కల్ని అందులో మందునీళ్ళలో నిలబెట్టాలి. మిగతావాళ్ళయితే నలుగురు పట్టి ముంచేవాళ్ళు, కరిపించుకునేవాళ్ళు. బావ అట్లా కాదు. మొదటిరోజు ఖాళీ తొట్టి, అడుగున గోనెపట్టా. "కాళ్ళు జారితేనేరా సగం భయం" అనేవాడు. అందులోనే తిండి పెట్టేవాడు. మర్నాడు తడిగుడ్డతో పాదాలు తుడిచేవాడు. ఆ తర్వాత చెంబుడు గోరువెచ్చటి నీళ్ళు, చప్పుడు కాకుండా, కాళ్ళ మీద. మొహం మీద చుక్క పడనిచ్చేవాడు కాదు. కుక్క వెనక్కి తగ్గిందా, ఆ రోజుకి అంతే. అన్నీ తొట్టి బయట నిలబడే చేసేవాడు సుమా. అదెందుకో మాకెవరికీ తట్టలేదు.

మిల్లు మేనేజరుగారి కుక్క వచ్చింది. దూడంత ఉంటుంది, ఒళ్ళంతా పుండ్లు. నీళ్ళ చప్పుడు వింటే గోడెక్కేది. తొమ్మిదో రోజుకి చీలమండ లోతు నీళ్ళలో నిలబడింది, నమ్ముతావా! డాక్టరుగారికి ఓపిక చచ్చింది. "ఏమయ్యా, కుక్కకి స్నానం చేయిస్తున్నావా, డిగ్రీ చదివిస్తున్నావా?" అనేవాడు. ఓనాడు బావ మందు కోసం అటు వెళ్ళగానే నాకేసి చూసి, "కండలున్నాయిగా, ఎత్తి పడెయ్యి" అన్నాడు. నాకు ఇరవై ఏళ్ళు. మెప్పు కావాలి. కుళాయి తిప్పి తొట్టి నింపేశాను, చల్లటి నీళ్ళు. ఎత్తి పడేశాను.

మునిగిపోయిందే, పూర్తిగా. పైకొచ్చి ఒక కేక పెట్టింది చూడూ... కుక్క అరిచినట్టు లేదు. బావ పరిగెత్తుకొచ్చాడు. దూకి పట్టుకుంటాడనుకున్నాను. తొట్టి అంచు పట్టుకుని కొయ్యబారిపోయాడు! మొహంలో నెత్తురు చుక్క లేదు. "తియ్యరా, బయటికి తియ్యరా" అని అరుస్తాడే గానీ చెయ్యి నీళ్ళలో పెట్టడే. నేనే లాగాను. లాగి ఇటు తిరిగేసరికి చెంప ఛెళ్ళుమంది. బావ! కొట్టింది బావ! ఆ వెంటనే గోడకి చేరగిలబడి కూలబడ్డాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. కూర్చున్నచోటే పంచె తడిసిపోయింది.

ఇంటికి తీసుకొచ్చాక చెప్పాడు. ఏడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఈత నేర్పుతానని బావిలో పడేశాడట. తాడు కట్టాడు, కానీ ముడి జారింది. "నాన్న మంచివాడేరా, నవ్వుతూనే తోశాడు" అన్నాడు. ఆనాటి నుంచి తలమీద చెంబుడు నీళ్ళు పోసుకోలేదు. ఒక్క చెంబు! పదహారేళ్ళుగా మా అక్క తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తోందట. ఒకే ఇల్లు, అమ్మలూ, ఒకే గుమ్మం. నాకు తెలియలేదు. "నాకెందుకు చెప్పలేదే" అంటే అక్క, "చెబితే నవ్వేవాడివి" అంది. నవ్వేవాణ్ణే.

ఆ కుక్క మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కితే ఒట్టు. బావ మేనేజరుగార్ని బతిమాలి ఇంటికే తెచ్చుకున్నాడు. పెరట్లో పెద్ద రేకుతొట్టి. ఖాళీ తొట్టయినా సరే, పది గజాల అవతలే నిలబడేది. వారం చూశాడు. ఎనిమిదో రోజు మాంసం ముక్క చేత్తో పట్టుకుని తనే ఎక్కి తొట్టిలో కూర్చున్నాడు. దాన్ని పిలవలేదు. సాయంత్రం దాకా కూర్చున్నాడు. వచ్చింది! తర్వాత ఇద్దరికీ కలిపి రోజుకో చెంబు, రెండు చెంబులు. బావ గుండె అదరడం గుమ్మం దగ్గర్నుంచే నాకు కనిపించేది, చొక్కా లేదుగా. దాని మెడ చుట్టూ చెయ్యి వేసి ఏదో గొణిగేవాడు. దానికి ధైర్యం చెబుతున్నాడో, దాన్నడిగి తెచ్చుకుంటున్నాడో నేనేం చెప్పను!

నెలన్నర. పుండ్లు మాని కొత్త బొచ్చు వచ్చేసింది. ఓ పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ పెరట్లోకి తొంగిచూశాను. తొట్టిలో బావకి పొట్ట దాకా నీళ్ళు. కుక్క గడ్డం తొట్టి అంచు మీద పెట్టుకుని పడుకుంది. బావ చెంబెత్తాడు. కళ్ళు మూసుకున్నాడు. నెత్తిన పోసుకున్నాడు.

పోసుకుని, ఊపిరందక గిలగిల్లాడి, మళ్ళీ చెంబు ముంచాడు. మా అక్క చేతిలో తుడిచే గుడ్డ అట్లాగే ఉంది. పొయ్యి దగ్గరికి నడిచి ఇంకో బిందె నీళ్ళు పెట్టింది. నేనా? నేను గుమ్మంలోనే... లోపలికెళ్ళే మొహం నాకేదీ.

సరే, కాసిని టీ పెట్టు తల్లీ. చక్కెర తగ్గించు.