చర్చి తలుపు

సవాయి దీవిలో, స్తంభాలూ పైకప్పూ తప్ప గోడలన్నవే లేని మా ఊరి ఇళ్లలో ఒకటి. అందులో వడ్రంగం నేర్పే బడి పెడతానంది ఒకావిడ. లైసెన్సు తనిఖీకి వచ్చినవాడు ఆవిడ అక్క కొడుకే.

"అంతా బానే ఉంది పిన్నీ. నిప్పంటుకుంటే బయటికి పోవడానికి తలుపేది?"

"గోడే లేదు కదరా! ఎటు దూకితే అటే బయట."

"అలా కుదరదు. దారి ఒకటుండాలి, దానికి తలుపుండాలి."

"సరే, చేరే పిల్లల చేతే చేయిస్తా. వాళ్లొచ్చేదే అందుకు."

"లైసెన్సు రాకుండా నేర్పితే కేసవుతుంది."

"తలుపు లేందే లైసెన్సు రాదంటివి?"

"అదీ నిజమే."

"చేమదుంపలు తినిపించిన ఈ చేత్తోనే ఒకటంటించేదాన్ని!"

"డ్యూటీలో ఉన్నాను పిన్నీ, కొట్టకూడదు."

వారం తిరిగేసరికి రెండు స్తంభాల మధ్య చర్చివాళ్ల పాత తలుపు చట్రంతో సహా వచ్చి నిలబడింది. దానికి అటూ ఇటూ ఖాళీయే. మర్నాడు కుండపోత వాన.

"పిన్నీ, తలుపు తియ్యి! లైసెన్సు తెచ్చాను, తడిసిపోతోంది!"

"పాస్టరుగారు తాళం వేసే ఇచ్చార్రా. తాళంచెవి జేబులో పెట్టుకుని ఓడెక్కి పక్క దీవిలోని ఆపియా పట్నం పోయారు. పక్కనుంచి రా."

"ఎలా వస్తాను? తలుపు తప్ప వేరే దారి లేదని సంతకం పెట్టింది నేనే!"

"నీ సంతకం తగలెయ్య! పోనీ, చెయ్యి చాపి ఆ కాగితం ఇటియ్యి."

"గోడలోంచి ఎలా ఇవ్వను పిన్నీ!"