శేషగిరిరావుగారు, ముప్పయ్యోనాటి సాయంత్రం

1952 ఆగస్టు నాలుగో తేదీ ఉదయం గురజాల తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరిన శ్రీ శేషగిరిరావుగారు, ముప్పై ఆరు సంవత్సరాల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయుచున్న శుభవేళ, ఆయన దగ్గర దఫేదారుగా పనిచేసి రెండేళ్ళ ముందే ఇంటికి చేరిన ఈ గురవయ్యను నాలుగు మాటలు రాయమన్నారు. నాది ఊరిబడి చదువు. తప్పులుంటే ఆయనే దిద్దుకుంటారు. దిద్దకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

వినుకొండలో పుష్కరకాలం పనిచేసి, 1974లో ప్రధాన గుమాస్తాగా తిరిగి గురజాల విచ్చేశారు. ఎక్కడున్నా అర్జీదారును కూర్చోబెట్టి, అతని అర్జీ అతనికే చదివి వినిపించి, “ఇదేనా మీరు చెప్పదలచింది?” అని అడిగిన పిమ్మటనే ముద్ర వేయించడం ఆయన పద్ధతి. ఆ పద్ధతి పుణ్యమా అని నేనేనాడూ మూడు గంటలలోపు అన్నం తిని ఎరుగను.

1985లో తాలూకాల స్థానే మండలాలను ప్రతిపాదిస్తూ ముసాయిదా ప్రకటన వెలువడినప్పుడు, ప్రజల అభ్యంతరాలకు, సూచనలకు ముప్పై రోజుల గడువిచ్చారు. ఊరూరా దండోరా వేయించింది నేనే. ఆ చప్పుడుకు కృష్ణ అవతలివాళ్ళు కూడా అర్జీలతో పడవలెక్కారంటే ఆయన నమ్మలేదు. “నాపరాళ్ళ గూడెం నుంచి ఒక్క కాగితమూ రాలేదేం?” అని మాత్రం అడిగారు. రాళ్ళు కొట్టుకునే ఆ గూడెం, ముసాయిదాలో వాగు అవతలి మండలానికి పోయింది. ఇక ఏ పనికైనా వాగు దాటవలసిందే.

ముప్పయ్యో రోజు, సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుందనగా, నాలుగు గంటలకు ఆ గూడెం పిచ్చమ్మ, పదిమందిని వెంటబెట్టుకొని, నలభై వేలిముద్రల కాగితంతో వచ్చింది. ఆయన యథాప్రకారం చదివి వినిపించారు: “ప్రభుత్వం వారి నిర్ణయమునకు మాకు ఎట్టి అభ్యంతరమూ లేదు.”

“ఇదేనా అమ్మా మీరు చెప్పదలచింది?”

“అవునయ్యా. సర్కారుకు అడ్డం చెబితే జైల్లో ఏస్తారంట గదా!”

“మరి వాగు సంగతేమిటి?”

“వానలప్పుడు చానా లోతయ్యా. పోయినేడు మా ఇంటాయన అందులోనే పోయాడు.”

“అయినా అభ్యంతరం లేదా?”

“వాగు మీద ఉందయ్యా. సర్కారు మీద మాకేముంది?”

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. “అభ్యంతరం వద్దులే తల్లీ. సూచనలు కూడా పంపమన్నారు. సర్కారుకు వాగు లోతు తెలియదు. నువ్వు చెప్పు, నేను రాస్తా.”

ఆమె చెబుతూ పోయింది, ఆయన రాస్తూ పోయారు. నాలుగు పేజీలయ్యాయి. మధ్యలో తలెత్తకుండానే, “గురవయ్యా, టైమెంత?” అన్నారు.

“నాలుగూ యాభయ్యండీ.”

ఆ తరువాత అరగంటసేపు ఎన్నిసార్లడిగినా అదే చెప్పాను. గడియారం వంక చూడకుండా ఆయన నా మాట నమ్మిన రోజు, మొత్తం సర్వీసులో అదొక్కటే. తుది ప్రకటనలో గూడెం వాగు ఇవతలి మండలంలోనే నిలిచింది.

మొన్న సంతలో పిచ్చమ్మకు ఈ సన్మానం సంగతి చెప్పాను. “అయ్యను ఇంటికి పంపుతున్నారా? ఎవురినడిగి పంపుతున్నారు మామా? మా గూడేనికి అభ్యంతరం ఉంది, రాసుకో!” అని సంతంతా వినబడేట్టు అరిచింది. ఒకనాడు సర్కారు పేరెత్తడానికే వణికిన మనిషి! రాసుకున్నాను, ఇదిగో, ఇక్కడ దాఖలు చేస్తున్నాను.

శేషగిరిరావుగారు, సహధర్మచారిణి ధనమ్మగారితో కూడి, సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం చల్లగా వర్ధిల్లాలని మా కచేరీవారందరి ఆకాంక్ష. పొద్దు వాలుతోందేమోనని ఆయనకు ఎప్పుడైనా అనుమానం వస్తే నన్ను పిలిచి అడగవచ్చు. నాలుగూ యాభయ్యేనండీ.