ఒంటిచేత్తో నలభై వేల దుప్పట్లు

ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు టీ కొట్టావిడ రెండో గిన్నె పాలు పొయ్యి మీద పెట్టింది. వీధికి అవతల పింఛన్ల ఆఫీసు తలుపులు ఇంకా మూసే ఉన్నాయి. విదేశీ నివాసుల కౌంటరు వారంలో గురువారం ఒక్కరోజే, తొమ్మిదింటికి తెరుస్తారు. టోకెన్లు మాత్రం ఏడింటికే గోడకున్న పెట్టెలోంచి తీసుకోవాలి. టోకెను దొరికినవాళ్లు మిగిలిన సమయం టీ కొట్టు బల్లల మీద గడుపుతారు.

ఆ రోజు గోడ పక్క బల్ల మీద ఇస్త్రీ ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్లో ఫైలు, ఫైలు మీద ముప్ఫై ఒకటో నంబరు టోకెను. కొట్టులో బల్లల మీద పరిచే తెల్లగుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చేది ఆవిడే. పొద్దున తెచ్చిన పన్నెండూ గల్లాపెట్టె పక్కన దొంతరగా ఉన్నాయి. ఆవిడ భర్త ఈ దేశానికి వలస వచ్చి, ఒక లాండ్రీలో ఇస్త్రీ మేస్త్రీగా చేసేవాడు. లాండ్రీ మూతపడ్డాక ఇంట్లోనే బల్ల వేసుకున్నాడు, ఎనిమిది నెలల క్రితం పోయాడు. భార్యకు పింఛను రావాలంటే అతను పదేళ్లు ఉద్యోగం చేసినట్టు ఉండాలి. ఆఫీసు రికార్డులో తొమ్మిదేళ్ల రెండు నెలలే ఉన్నాయి. తక్కిన పది నెలలు మొదట్లోవి, యజమాని పనివాళ్లకు పింఛను కార్డులు తీయకముందువి. ఆ యజమాని ఇప్పుడు లేడు, హాజరు పుస్తకమూ లేదు. అప్పుడు పక్కన పనిచేసినవాళ్లు ఎవరైనా సాక్షి పత్రం రాసిస్తే ఆ నెలలు కలుపుతామని ఆఫీసు చెప్పింది. గడువు సోమవారం.

అలాంటి మనిషి ఒక్కడే మిగిలాడు. లాండ్రీలో బాయిలర్ మండించినవాడు కాబట్టి అందరూ బాయిలర్ బాబాయ్ అంటారు. అరవై ఆరేళ్లు. ఇప్పుడు బస్సు డిపోలో బస్సులు కడుగుతాడు. ఆవిడ భర్తను మేస్త్రీని చేసిన నెలలోనే బాబాయ్ కోపంతో లాండ్రీ మానేసి, జీతంలోంచి కట్టిన పింఛను చందా మొత్తం వెనక్కి తీసేసుకున్నాడు. అలా తీసుకున్నవాళ్ల సంవత్సరాలు రికార్డులో చెరిగిపోతాయి. ఇస్త్రీ ఆవిడ ఆయన్ని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఒకటే జవాబు: "నాకు గుర్తు లేదమ్మా."

ఎనిమిదింటికి బాబాయ్ డిపో నుంచి వచ్చి, ఆవిడకు వీపు పెట్టి కూర్చుని టీ చెప్పాడు. డ్యూటీ దిగిన బస్సు డ్రైవరు ఎదురుగా ఉన్నాడు. ఊరికే ఉండలేని మనిషి.

"ఏం బాబాయ్, అందరూ టోకెన్లు తీసుకుంటున్నారు. మీ పింఛను ఎప్పుడు?"

"నాకెందుకయ్యా పింఛను? ఇస్తామని వాళ్లే వెంటపడితే వద్దన్నవాణ్ణి నేను. నవ్వకు. లాండ్రీలో చేరిన కొత్త. కొత్త బాయిలర్ దిగి నెల కూడా కాలేదు, దాని ఒంటి మీద రంగు వాసన పోలేదు, మాకెవరికీ కార్డులు కూడా రాలేదు. ఓ రోజు పొద్దున్నే పెద్దాసుపత్రిలో ఉతికే మిషను ఆగిపోయింది. ఫోను మీద ఫోను. రెండు వందల దుప్పట్లు పంపుతున్నాం, సాయంత్రానికి ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వాలి, ఎలా చేస్తారో మీ చావు మీరు చావండి అన్నారు. యజమాని తల పట్టుకున్నాడు. ఎందుకంటే ఆ రోజు పనిలోకి ఎవరూ రాలేదు. నేనొక్కణ్ణే."

"ఎవరూ రాలేదా అన్నయ్యగారూ?" అంది ఇస్త్రీ ఆవిడ.

బాబాయ్ వెనక్కి తిరగలేదు. "ఒక్క పురుగు రాలేదు. నేనూ, బాయిలరూ. అంతే. సరే, లారీ వచ్చింది. తలుపు తీసి చూద్దును కదా, రెండు వందలేమిటి, నాలుగు వేలు! ఎవడో సున్నా మర్చిపోయాడు. యజమాని అక్కడే కూలబడ్డాడు. మీరు లేవండి సార్, టీ తాగండి, నేనున్నాను అన్నాను. పార తీసుకుని బొగ్గు వేశాను చూడు, బాయిలర్ మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. దాటి ఆగిందా? గుండ్రంగా తిరిగి మొదటికొచ్చి రెండో చుట్టు మొదలెట్టింది! ఆవిరి కిటికీల్లోంచి వీధిలోకి కొట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీధిలో పోయేవాళ్ల చొక్కాలు ఒంటి మీదే ఇస్త్రీ అయిపోయాయి. ఒక ముసలాయనకి మొహం మీద ముడతలు కూడా పోయాయి. ఇంటికెళ్తే పెళ్లాం గుర్తుపట్టక తలుపు తీయలేదు."

"పింఛను కూడా ఆపేసుంటారు బాబాయ్, వయసు చాలలేదని," అన్నాడు డ్రైవరు.

"ఆపేశారు! ఆపేస్తే నేనే వెళ్లి, ఈయన ముసలాడే సార్, నా కళ్లముందే కుర్రాడయ్యాడు అని సాక్షి సంతకం పెట్టి ఇప్పించాను."

టీ కొట్టావిడ గ్లాసు ఆయన ముందు కాస్త గట్టిగానే పెట్టింది. "ముక్కూ మొహం తెలియని వాడికి సంతకం పెట్టారన్నమాట."

బాబాయ్‌కి టీ గొంతుకడ్డం పడింది. దగ్గు తగ్గాక స్వరం ఇంకా పెంచాడు.

"కథ మధ్యలో ఆపకమ్మా. పిండాలి కదా? నాలుగు వేల దుప్పట్లు ఒక్కోటీ పిండుతూ కూర్చుంటే తెల్లారుతుంది. అన్నిటినీ కొసకి కొస ముడేశాను. ఒక కొస బాయిలర్ కాలికి కట్టాను, రెండో కొస భుజాన వేసుకుని మెలి తిప్పుకుంటూ నడిచాను. నడవగా నడవగా రైల్వే స్టేషనొచ్చింది. స్టేషన్ మాస్టరు జెండా ఊపాడు, నేను బండి అనుకుని. అక్కడ ఒక్క గుంజు గుంజాను. ఆ నీళ్లకి కాలవ పొంగింది. మూడ్రోజులు ఊళ్లో ఏ కుళాయి తిప్పినా సబ్బు నురగే. జనం పైసా ఖర్చు లేకుండా గిన్నెలు తోముకున్నారు, ఒక్కడైనా వచ్చి థాంక్స్ చెప్పాడా?"

"పాపం," అన్నాడు డ్రైవరు.

"పాపం కాదు, లోకం తీరు. ఇంతలో ఈ మాట పాకిపోయి, చుట్టుపక్కల ఆసుపత్రులన్నీ లారీలు తోలాయి. లెక్క చూస్తే నలభై వేలు. నలభై వేల దుప్పట్లు, ఒక్కడు! ఆరేయడానికి తీగలు చాలక మేడల మీద పరిచాను. పైన విమానం పోతుంటే కింద మంచు పడిందనుకుని పైలట్ దారి మళ్లించుకున్నాడు."

"ఇస్త్రీ ఎవరు చేశారు?" అంది ఇస్త్రీ ఆవిడ. గొంతులో వేడి లేదు, లెక్క అడిగినట్టే అడిగింది.

"నేనే! రెండు కాళ్లకీ రెండు ఇస్త్రీపెట్టెలు కట్టుకుని బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకి జారుకుంటూ పోయాను. పోతూ చేతుల్తో మడత పెట్టాను. ఇస్త్రీ అంటే ఏమన్నా పెద్ద విద్యా? కొంతమంది దాన్ని పట్టుకునే మేస్త్రీలైపోయారు. ఫ్యాను కింద నీడపట్టున నిలబడి నాలుగు మడతలు పెడితే మేస్త్రీ. పొద్దున్నుంచి నిప్పు ముందు వేగేవాడు మటుకు, ఒరేయ్, ఇంకో పార బొగ్గు వెయ్యి. పండక్కి కొత్త చొక్కా వాడికి, మసిగుడ్డ నాకు. పోయాక కూడా వాడి పేరుతోనే ఫైళ్లు, వాడి పేరుతోనే టోకెన్లు. బతికున్నవాణ్ణి, అరవై ఆరేళ్లొచ్చి బస్సులు కడుగుతున్నాను, నా పేరు రాసిన కాగితం ఈ ఆఫీసులో ఒక్కటుందా? చచ్చినవాడికి మాత్రం పింఛనట!"

పొయ్యి మీద పాలు పొంగబోతుంటే టీ కొట్టావిడ మంట తగ్గించింది. ఇస్త్రీ ఆవిడ టోకెనును ఫైలు అంచుకు సమంగా జరిపింది.

మాట జారిందని బాబాయ్‌కీ తెలిసింది. నవ్వు తెచ్చుకుని డ్రైవరు మోకాలు తట్టాడు.

"అసలు సంగతి చెప్పనేలేదు. సాయంత్రం అయిదింటికి లాండ్రీ ముందు పెద్ద కారు ఆగింది. ఎవరనుకున్నావు? పింఛన్ల ఆఫీసులో అందరికంటే పై ఆఫీసరు. చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చాడు. మీలాంటివాడు అరవై దాకా ఆగక్కర్లేదు, ఈ క్షణం నుంచే పింఛను తీసుకోండి అన్నాడు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు! సార్, నేనీ దేశం వాణ్ణి కాదు, పరదేశిని, రూలు ఒప్పుకోదేమో అన్నాను. మీకోసం రూలేమిటి, దేశం పేరు మార్చమన్నా మారుస్తాం అన్నాడు. కుటుంబ సభ్యులెవరో చెప్పండి, అందరికీ రాసేస్తానన్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు అన్నాను. ఇంకా అన్నాడు. బావమరిది అన్నాను. ఇంకా అన్నాడు. మొహమాటపడి బాయిలర్ అన్నాను. రాసుకున్నాడయ్యా! పేరు బాయిలర్, వయసు ఒక నెల, సంరక్షకుడు నేను."

"మనవలకో?" డ్రైవరు కళ్లు తుడుచుకుంటున్నాడు.

"వాళ్లకి పుట్టకముందే టోకెన్లు చింపిచ్చాడు. అన్నీ తిప్పి ఇచ్చేశాను. ఒళ్లొంచి పనిచేసేవాడికి పింఛనేమిటి సార్, తీసుకెళ్లి లేనివాళ్లకివ్వండి అన్నాను. కన్నీళ్లు పెట్టుకుని వెళ్లాడు."

ఇస్త్రీ ఆవిడ లేచింది. గల్లాపెట్టె దగ్గరికి వెళ్లి దొంతరలో పై గుడ్డ తీసి, మడత విప్పి దులిపి, బాబాయ్ ముందు బల్ల మీద పరిచింది. ఒక మూల ఎర్రదారంతో కొట్టు గుర్తు కుట్టి ఉంది.

"అన్నయ్యగారూ, ఆసుపత్రి దుప్పటికి ఓ మూల వార్డు ముద్ర ఉండేది. మడత పెట్టాక ఆ ముద్ర లోపలికి రావాలా, బయటికా?"

"ఇదేం ప్రశ్న? లోపలికి. మాసిపోకుండా."

"లోపలికి పెడితే ఆసుపత్రి వాళ్లు కట్టలు కట్టలు వెనక్కి పంపేసేవారు. ఏ వార్డుదో విప్పకుండానే నర్సుకి కనిపించాలి."

"అదే అంటున్నా. బయటికే. నోరు జారింది."

"అయితే ఒక్కసారి పెట్టి చూపించండి. నలభై వేలు పెట్టిన చెయ్యి కదా."

బాబాయ్ డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు సాయం చేయలేదు, టీ గ్లాసులు పక్కకు జరిపి చోటిచ్చాడు. బాబాయ్ గుడ్డను సగానికి మడిచాడు, అంచులు కలవలేదు. విప్పి మళ్లీ మడిచాడు. ఈసారి ఎర్రగుర్తు ఎక్కడో లోపలికి పోయింది. దాన్ని వెతుక్కుంటూ నిలువుగా మడిచి, అడ్డంగా మడిచి, అరచేత్తో అదిమాడు. ఆయన వేళ్లు లావుగా, కాలిన మచ్చలతో ఉన్నాయి. చివరికి బల్ల మీద మిగిలింది మూటలా ఉంది.

"ఊరికెళ్తున్నట్టుంది, మూట కట్టుకుని," అన్నాడు డ్రైవరు.

ఇస్త్రీ ఆవిడ గుడ్డ తీసుకుని విప్పింది. నిలువునా రెండుసార్లు, అడ్డంగా మూడు. ఎర్రగుర్తు పైన, కుడి మూల.

"నేను బాయిలర్ వాణ్ణమ్మా," అన్నాడు బాబాయ్. స్వరం సగానికి తగ్గింది. "మడతలు నా పని కాదు."

"మరి ఆ రోజు ఎవరి పని అన్నయ్యగారూ?"

బాబాయ్ వీధివైపు చూశాడు.

"చెప్పండి బాబాయ్. ఎవరూ రాలేదన్నారుగా," అన్నాడు డ్రైవరు.

"వాడిదే," అన్నాడు బాబాయ్.

"ఏ సంవత్సరం?" అంది ఇస్త్రీ ఆవిడ.

"చెప్పాగా. బాయిలర్ దిగిన నెల. కార్డులు రాకముందు."

"గుర్తు లేదన్నారు," అంది టీ కొట్టావిడ.

ఇస్త్రీ ఆవిడ ఫైలు తెరిచి సాక్షి పత్రం తీసి, మడిచిన గుడ్డ పక్కన పెట్టింది. బాబాయ్ సంతకం పెట్టలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో కుక్కుకున్నాడు. "చూద్దాంలే," అని లేచాడు. టీ డబ్బులు ఇవ్వడం మర్చిపోయాడు. తొమ్మిదింటికి ఆఫీసు తలుపు తెరిచారు. ముప్ఫై ఒకటో నంబరు పిలిచినప్పుడు ఇస్త్రీ ఆవిడ దగ్గర చూపించడానికి పత్రం లేదు. గడువు సోమవారమేనని గుమాస్తా మరోసారి చెప్పి పంపాడు.

శుక్ర, శని, ఆదివారాలు బాబాయ్ కొట్టుకు రాలేదు. సోమవారమూ రాలేదు.

రెండు వారాల తర్వాత గురువారం, పింఛను మంజూరైన ఉత్తరం తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఇస్త్రీ ఆవిడకు మిగతా సంగతి తెలిసింది. సాక్షి పత్రం బాబాయ్ సంతకంతో ఆ శుక్రవారమే ఆఫీసు తపాలా పెట్టెలో పడింది. దానికి సొంత భాషలో, చేత్తో రాసిన నాలుగు పేజీలు జతచేసి ఉన్నాయి. ఆఫీసు అనువాదకుడు నాలుగు పేజీలనూ వదలకుండా తర్జుమా చేశాడు. స్టేషన్ మాస్టరు, విమానం, ముసలాయన, అందరూ అందులో ఉన్నారు. బాయిలర్‌ను కుటుంబ సభ్యుడిగా రాసుకున్న చోట ఎవరో పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టారు. ఆ నాలుగు పేజీల్లో ఆఫీసు లెక్కలోకి తీసుకున్నది చివరి పేజీ అడుగున గీత గీసిన నాలుగు వాక్యాలు:

"ఆ పది నెలలూ ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నది అతనే. ఆ రోజు వచ్చినవి రెండు వందల దుప్పట్లు. ఇస్త్రీ అంతా అతనే చేశాడు. నాకు ఇస్త్రీ రాదు."