పెద్దోడికి చెప్పాల్సిన మాట

జ్వరం తగ్గిన పెద్దకొడుకుని ఆ రోజు ఇంటికి పంపుతున్నారు. ఆసుపత్రి వరండాలో భార్యాభర్తలు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

“డాక్టరమ్మ తీసుకెళ్లిపోమంది. ఆడు బట్టలేసుకుంటన్నాడు.”

“దేవుడికి స్తోత్రం.”

“ఆ మాట నీకెలాగొస్తందే? ఇద్దరికీ ఒకే జొరం. కొండ దించుతుంటే సిన్నోడు డోలీలోనే పోయినాడు కదా.”

“ఒకడినైనా ఉంచినాడు. అదైనా అనుకోకపోతే నేను బతకలేనయ్యా.”

“పెద్దోడికప్పుడు తెలివి నేదు. తమ్ముడు ఇంటికాడున్నాడనే అనుకుంటన్నాడు. పొద్దున్నిచ్చిన రొట్టెలో సగం తమ్ముడు తిమోతికని దాచినాడు.”

“రాత్రి పార్థన కూడా ఆడే సేసినాడు. ‘నాకూ తమ్ముడికీ జొరం తగ్గించినందుకు వందనాలు’ అన్నాడు.”

“నువ్వేటన్నావు?”

“ఆమేన్ అనలేకపోయినాను. ఆడు కళ్లు తెరిచి నాకేసి సూసినాడు.”

“ఇంటికెళ్లాక సెబుదామే. జీపులో ఏడిస్తే మళ్లీ జొరమొస్తాది.”

“ఇంటికెళ్తే గుమ్మం కాడనించే తమ్ముడూ అని పిలుస్తాడు. ఆ పిలుపు నేను వినలేను.”

“నాకు నోరు రాదే.”

“నువ్వు పక్కన కూకో, సాలు. అదిగో, వస్తన్నాడు. రా నాన్నా, నా ఒళ్లో కూకో. తమ్ముడి గురించి నీకో మాట సెప్పాలి.”