సరుకుతో పాటు దిగిన మా చౌడేశ్వరమ్మత్త

ఏదీ, ఆ ఫోన్ ఇటివ్వు శాలినీ. ఇది ఓడా? బెంజ్ సర్కిల్లో బట్టల షాపుకున్నన్ని లైట్లున్నాయే. సరేలే, వెళ్ళిరా, సరదాగా ఉంటుంది. నేనెక్కిన ఓడలో మేకలుండేవి. నవ్వుతావేంటి, నిజం. నేనూ మా చౌడేశ్వరమ్మత్తా ఎక్కాం. మా నాన్నకి అక్క, నువ్వు పుట్టకముందే పోయింది. పెడనలో ఉండేది. తొమ్మిదో ఏట మగ్గం గుంటలో కాళ్ళు పెట్టింది, అంతే, నలభై ఏళ్ళు అందులోనే. భయస్తురాలు. రిక్షా ఎక్కినా కళ్ళు మూసుకుని "ఒరే వేణూ, పట్టుకోరా, పట్టుకో" అనేది. మన బ్యారేజీ మీద నడిపిద్దామని ఓసారి తీసుకొస్తే, నాలుగడుగులేసి అక్కడే కూలబడింది. ఏం చెప్తున్నాను? ఆఁ, ఓడ.

మా చిన్నాన్న మార్కండేయులు అండమాన్లో ఓ చిన్న దీవిలో కొట్టు పెట్టుకున్నాడు. ఆయన కూతురి పెళ్ళి. మధుపర్కాలు మా అత్తే నేసింది. పోస్టులో పంపుదామంటే వినదే. "ఆ పిల్లని ఒక్కసారైనా ఎత్తుకోలేదురా నేను. నేసిన బట్టయినా నా చేత్తో ఇవ్వొద్దూ" అంటుంది. ఇంక తప్పుతుందా. విశాఖపట్నంలో పెద్ద ఓడెక్కాం, పోర్ట్ బ్లెయిర్లో దిగి చిన్న ఓడెక్కాం. ఆ చిన్నది దీవుల చుట్టూ తిరుగుతుంది, మన పల్లెటూరి బస్సనుకో. జనం, కిరోసిన్ పీపాలు, ఉల్లిపాయల బస్తాలు, మేకలు, అన్నీ అందులోనే. నేను కక్కుతూనే ఉన్నాను. అత్త ఆ గుడ్డల మూట ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తెరిస్తే ఒట్టు.

తీరా దీవి ముందుకొచ్చి ఆగాం. అక్కడ రేవు లేదు, పడవలోకి దిగి వెళ్ళాలి. ఒడ్డు కనబడుతోంది, ఓడ దాకా పడవా వచ్చింది. కానీ అలలు చూస్తే ఇంతెత్తున. సరంగు అబ్రహాము, మన నిజాంపట్నం ఆయనే, వచ్చి "అమ్మా, నిచ్చెన మీంచి మనుషుల్ని దించొద్దన్నారండీ కేప్టెన్ గారు. మళ్ళీ వారం వస్తాం, అప్పుడు దిగుదురుగాని. ఇవాళ సరుకొక్కటే" అన్నాడు. పెళ్ళేమో మర్నాడు పొద్దున్నే.

మా అత్త కళ్ళు తెరిచింది. "సరుకెలా దించుతారు బాబూ?" అంది. "వలలో కట్టి, క్రేనుతోనండీ." "అయితే నన్నూ సరుకులో రాసుకోండి."

అబ్రహాము నవ్వాడు. ఈవిడ నవ్వలేదు. సరాసరి కేప్టెన్ దగ్గరికెళ్ళి మూట విప్పి, ఆ తెల్ల పంచె, ఆ చీర అంచు చూపించింది. ఆయనకి తెలుగు రాదు, ఈవిడకి హిందీ రాదు. అయినా ఏం చెప్పిందో ఏమో, ఆయన టోపీ తీసి తల గోక్కుని, బెల్టులు కట్టండన్నాడు. నేను రానన్నాను. "మానెయ్, నేను పోతున్నా" అంది. ఇంకేం చేస్తాను.

అలా వలలో అత్త, నేను, రెండు బస్తాలు, ఓ మేక. క్రేను లేపింది. కింద సముద్రం, పైన ఆకాశం, మధ్యలో గిర్రున తిరుగుతున్నాం. మేక అరుస్తోంది, దానికన్నా నేను గట్టిగా అరుస్తున్నాను. ఈవిడేమో కాళ్ళు వల కంతల్లోంచి బయటికి వేలాడేసి ఊపుతోంది. "వేణూ, కాళ్ళ కింద ఏమీ లేదురా" అంటూ ఒకటే నవ్వు. పడవలో బస్తాల మీద దబ్బున పడ్డాక కూడా ఆగదే. ఒడ్డున చిన్నాన్న ఏడుస్తున్నాడు, ఈవిడ నవ్వుతోంది.

పెళ్ళి బాగా జరిగింది. ఆ పిల్ల పీటల మీద అత్త చెయ్యి వదల్లేదు. వారం తర్వాత ఓడొచ్చింది. సముద్రం పళ్ళెంలా ఉంది. మెట్లెక్కమంటే "వల లేదా?" అంది. పద్ధతి కాదమ్మా అన్నారు. విశాఖపట్నం దాకా అలిగి కూర్చుంది.

తర్వాత మూణ్ణాలుగేళ్ళు అడిగింది, "మళ్ళీ ఎప్పుడెళ్దాంరా" అని. నేనే, షాపు వదిలి రాలేననీ, పిల్లల పరీక్షలనీ...

ఆ కిటికీ వెయ్యమ్మా, దోమలొస్తున్నాయి.