అయ్యగారి మీద ఫిర్యాదు

యార్క్‌షైర్‌లో ఒక పల్లె, పదిహేడో శతాబ్దం మొదట్లో ఒక మే నెల. ఏటా బిషప్పుకి ఊరి ఫిర్యాదులు పంపే బాధ్యత చర్చి పెద్ద కత్‌బర్ట్‌ది. అతనికి చదువు రాదు. ఊళ్ళో రాయడం వచ్చినవాడు ఒక్కడే, చర్చి అయ్యగారు థర్కెల్.

“రాయండి అయ్యగారూ. ‘మా అయ్యగారు పనికిమాలినవాడు.’”

“అలా రాస్తే బిషప్పుగారికి ఏం తెలుస్తుందయ్యా కత్‌బర్ట్? ఎందులో పనికిమాలినవాడో చెప్పాలి.”

“చెప్తా. ముప్ఫై ఏళ్ళల్లో ఒక్క పుస్తకం రాశాడు. అదీ దేవుడి మీద కాదు, తోటల మీద.”

“ముప్ఫై ఒకటి.”

“పుస్తకాలా?”

“ఏళ్ళు. ఊఁ, తర్వాత?”

“క్రిస్మస్ నాడు ప్రసంగమని లేచి, బేరిచెట్టు కొమ్మలు ఎలా కొయ్యాలో చెప్పాడు.”

“ఆపిల్‌చెట్టు. ప్రమాణం చేసిన చర్చి పెద్దవి నువ్వు, తప్పు రాయించకూడదు.”

“ఆపిలే వెయ్యండి. నరకం గురించి ఒక్క ముక్క లేదు.”

“పురుగు పట్టిన కొమ్మల్ని మంటల్లో వెయ్యమన్నానుగా?”

“అది నరకమా?”

“కొమ్మకి నరకమే కదా. సరే, సరే, రాస్తున్నా.”

“ఇంత రాస్తే మిమ్మల్ని తీసేస్తారు, తెలుసా?”

“తెలుసు. ఇల్లూ తోటా కొత్తాయనకి పోతాయి. కానివ్వు, సిరా ఆరిపోతోంది.”

“ఈ మార్చిలో మా ఎల్లిన్‌ని పూడ్చిన రోజు...”

“ఊఁ, చెప్పు.”

“రాయట్లేదేం?”

“వింటున్నా.”

“వినడం కాదు, రాయండి. నా భార్య శవాన్ని చర్చి గేటు దగ్గర పెట్టుకుని గంటసేపు నిలబడ్డాం. ఆ చలిగాలిలో. అప్పుడొచ్చాడీయన, చేతులనిండా మట్టితో.”

“చేతులనిండా... మట్టితో. రాశాను.”

“ఎందుకు ఆలస్యమైందో అదీ రాయండి.”

“అది అక్కర్లేదు.”

“నాకు అక్కరుంది. ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసిన మనిషి, అయ్యగారూ.”

“...ఆ వారం గాలివానకి మీ పెరట్లో బేరిచెట్టు పడిపోయింది కదా.”

“పడింది. పొయ్యిలోకి కొట్టేశాను. ఎల్లిన్ పుట్టింటి నుంచి తెచ్చి నాటుకుంది. అయితే?”

“దాని రెమ్మ ఒక్కటి బతికించమని అడిగింది నన్ను. తను పోయేదాకా పక్కనే కూర్చున్నానాయె. మర్నాడు చూస్తే, నువ్వు నరికి పడేసిన కొమ్మల్లో పచ్చివి నాలుగు మిగిలాయి. ఆ పొద్దున్నే అంటు కట్టకపోతే అవీ దక్కవు.”

“నాకు చెప్పలేదేం?”

“బతుకుతాయో లేదో. మూడు చచ్చాయి కూడానూ. ఏమని చెప్పను?”

“నాలుగోది?”

“చర్చి గోడ పక్కనుంది. నిన్న చిగురు వేసింది. ఇవాళ మంచు పడేలా ఉంది, అదే నా భయం. సరే, అంతా రాసేశాను. ఇక్కడ నీ గుర్తు పెట్టు.”

“పెట్టను.”

“మరి ఈ కాగితం?”

“తీసుకెళ్ళి ఆ చిగురుకి చుట్టండి.”